ఆ రోజు వాన లేదు

నా పేరు ఐజాక్. తండ్రి యేసన్న. వయసు నలభై తొమ్మిదేళ్లు. కాపురం సోమందేపల్లె. హైవే పక్కన కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. కులం మాదిగ, మతం క్రైస్తవం. కులం ఎవరూ అడగలేదు. ఈ కేసులో దాని పని ఉంది కాబట్టి నేనే రాయించుకుంటున్నాను.

చెప్పాలన్న బలవంతం ఏమీ లేదని, చెబితే అది నాకే ఎదురు తిరగవచ్చని మేజిస్ట్రేటు గారు హెచ్చరించారు. అర్థమైంది. అయినా చెబుతున్నాను.

2025 మార్చి 12, బుధవారం ఉదయం పదకొండు గంటలకు రామాంజులు ఒక పెట్రోలు కారును నా షెడ్డుకు తెచ్చాడు. బండి క్వారీ యజమాని నరసింహప్ప గారిది. రామాంజులు ఆయన దగ్గర డ్రైవరు. నాకు పదేళ్లుగా స్నేహితుడు. వచ్చినప్పుడల్లా మా ఇంటి గ్లాసుతోనే టీ తాగేవాడు. అది కూడా రాయండి.

అంతకు పది రోజుల ముందు ఆ బండికి బెంగళూరులో రీమ్యాప్ చేయించారు. అంటే ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి, బండి మరింత బలంగా లాగేలా చేయించారు. అప్పటి నుంచి మిస్సింగ్ కొడుతోందని, అంటే సిలిండరులో నిప్పు సరిగా పడక ఇంజన్ కుదుపుతోందని, రామాంజులు చెప్పాడు.

"గుర్రం మాదిరి చేసిస్తామన్నారన్నా. తొక్కితే గాడిద మాదిరి ఎగురుతాండాది."

"గాడిదైతే మూటలన్నా మోస్తాది కదప్పా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

స్కానర్ పెట్టి చూస్తే మూడో సిలిండరులో మిస్సింగ్ అని చూపించింది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే మూడో కాయిల్ తీసి రెండోదానికి, రెండోది తీసి మూడోదానికి వేశాను. మిస్సింగ్ మూడులోనే ఉంది. అంటే కాయిల్ మంచిదే. తరువాత మూడో ప్లగ్గును ఒకటో సిలిండరుకు మార్చాను. మిస్సింగ్ ఒకటికి పోయింది. దోషం ప్లగ్గుదని తేలింది. రీమ్యాప్ చేసిన ఇంజన్లో గాలి ఒత్తిడి ఎక్కువ. అరిగిపోయి సందు పెరిగిన పాత ప్లగ్గులో నిప్పురవ్వ ఆ ఒత్తిడికి నిలబడదు. నాలుగూ కొత్తవి వేశాను. ఫిల్లర్ గేజితో కొలిచి సందు తగ్గించాను. ప్లగ్గులు కూర్చునే గుంతల్లోకి గాలి కొట్టి దుమ్ము తీశాను. టార్క్ రెంచి క్లిక్ అనేదాకా బిగించాను. రెండున్నరకు ఇద్దరం పెనుకొండ దాకా పోయి వచ్చాం. ఎక్కడా ఎగరలేదు. నిర్లక్ష్యం అని నా మీద రాసిన పెద్దలు ఈ పనిలో ఏది నిర్లక్ష్యమో వేలు పెట్టి చూపాలి. అడిగాను. ఎవరూ చూపలేదు.

మరునాడు, 13వ తేదీ గురువారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు రామాంజులు ఫోను చేశాడు. నా కుడిచేయి గ్రీజుగా ఉంది. ఫోను ఎడమచేత్తో తీశాను.

"అన్నా, హైవే మీద టీ బంకు కాడ నిలబెట్టినా. మళ్లీ మిస్సింగ్ కొడతాండాది."

"నిన్న బాగుండె కదప్పా. ఏం చేసినారు?"

"వాన నీళ్లు పడినాయన్నా, ఇంజన్లో."

వాన అన్నాడు. ఆ రోజు వాన లేదు. అంతకు ముందు రోజూ లేదు. నవంబరు తరువాత మా వైపు చినుకు పడలేదు.

"యాడ పడిందప్పా వాన?"

అప్పుడు అన్నాడు: "నువ్వు చెయ్యి పెట్టినావని కాదన్నా. అవ్వ ఊరికే పసుపునీళ్లు పోసినాది. నువ్వేం అనుకోవద్దు."

అవ్వ అంటే నరసింహప్ప గారి తల్లి రామసుబ్బమ్మ. నేను చెయ్యి పెట్టినందుకా అని నేను అడగలేదు. అడగని మాటకు అతడే జవాబు చెప్పాడు. నన్ను నొప్పించకూడదని వాన అన్నాడు, నిలబడలేదు. నొప్పించకూడదని రెండో మాట అన్నాడు, దాంతోనే అంతా చెప్పేశాడు.

ప్లగ్గుల గుంతలో పసుపునీళ్లు నిలిస్తే కరెంటు దారి తప్పుతుంది. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు తెలియదు. గట్టిగా తొక్కినప్పుడే చచ్చిపోతుంది. ఇది నాకు ఆ క్షణంలోనే తెలుసు. బంకు నా షెడ్డుకు రెండు కిలోమీటర్లు. "అక్కడే ఉండు, వస్తాండా" అంటే సరిపోయేది.

నేను అన్నది ఇది: "అయితే ఆయమ్మనే వచ్చి బాగుచేయమను పో."

ఎడమచేతి బొటనవేలితో ఫోను కట్ చేశాను. మాట్లాడింది నలభై ఒక్క సెకన్లు.

9 గంటల 52 నిమిషాలకు రామాంజులు హైవే దాటడానికి డివైడరు సందులో బండి తిప్పాడు. లారీ దూరంగానే ఉందని, కారు ఎగిరి ఎగిరి రోడ్డు మధ్యలో ఆగిపోయాక లారీ వచ్చి గుద్దిందని టీ బంకు లింగప్ప చూసి చెప్పాడు. నేను పోయేసరికి పది దాటింది, అతడి ప్రాణం పోయింది. రామాంజులు ఒక చెప్పు కాలికే ఉంది. అన్నా అని పిలుస్తాడేమోనని కాసేపు నిలబడ్డాను.

అదే సాయంత్రం నాలుగు గంటలకు స్టేషన్ ఆవరణలో, కానిస్టేబుల్ ఎదుట, మూడో కాయిల్ నేనే తీశాను. గుంత నిండా పసుపు పేరుకుని ఉంది. ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద నల్లగీత ఉంది, కరెంటు దారి తప్పిన గీత. ప్లగ్గును పేపరులో చుట్టి ఇచ్చాను. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో ఆ ప్లగ్గు ఇప్పుడు లేదు. 15వ తేదీన చూస్తే ఇంజన్ను నీళ్లు కొట్టి కడిగేశారు. మా ఇళ్లకు మూడు రోజులకొకసారి బిందెడు నీళ్లొచ్చే కాలంలో, ఆ ఇంజన్ను కడగడానికి మాత్రం నీళ్లు దొరికాయి.

స్టేషన్లో ఫోను సంగతి అంతా చెప్పాను. వాన అన్నాడని చెప్పిన చోట పోలీసు వారి కలం కదిలింది. పసుపునీళ్లు అన్నచోట ఆగింది. "పూజల సంగతి మనకెందుకప్పా?" అన్నారు. పూజ కాదయ్యా, అది నా చేతిని కడగడం. నరసింహప్ప గారి క్వారీ రాయి నా చేయి పడిన లారీల్లోనే పోతుంది. ఆయన కొడుకు నేను బ్రేకులు వేసిన బండిలోనే కాలేజీకి పోతాడు. వాళ్ల ప్రాణం నా చేతిలో పెట్టడానికి లేని అంటు, ఇంజన్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న రాయడానికి ఏ స్టేషన్లో కాగితం ఉంది?

18వ తేదీ తనిఖీ నివేదికలో, మెకానిక్ సరిగా బిగించనందువల్ల వర్షపు నీరు చేరింది అని ఉంది. నా స్నేహితుడు నా మీది ప్రేమతో ఆడిన అబద్ధం, నా నోటి గుండానే పోయి, నా మీద సాక్ష్యమైంది. రామాంజులు భార్య భారతి నన్ను చూసి తలుపు వేసుకుంది. ఆమె ఉండేది నరసింహప్ప గారి క్వారీ గదిలోనే. ఆమెను తప్పుపట్టను.

ఈ కేసు ఎటు పోతుందో నాకు తెలుసు. రామసుబ్బమ్మను ఎవరూ పిలవరు. నేను జైలుకు పోతాను. ప్లగ్గులు బిగించినందుకైతే నేను నేరస్థుణ్ణి కాను, చచ్చేదాకా ఒప్పుకోను. కోపం న్యాయమైనదే. కానీ పసుపునీళ్లు పోసిన మనిషి మీది కోపాన్ని, దాన్ని దాచడానికి తంటాలు పడిన మనిషి మీద చూపించాను. దానికి ఏ సెక్షనో చెప్పమని అడిగాను. లేదన్నారు.

ఇందులో ఉన్నది నేను చేసింది, చూసింది, విన్నది. ఎవరో నేర్పింది కాదు. చదివి వినిపించారు. ఒక్క దిద్దుబాటు కోరాను: వాన అన్న మాట వచ్చిన ప్రతిచోటా, ఆ రోజు వాన లేదని పక్కన రాయాలి.

సంతకం వచ్చినవాడు వేలిముద్ర వేయనక్కరలేదని గుమాస్తా గారు అన్నారు. రెండూ తీసుకోమని వేడుకున్నాను. ఫోను కట్ చేసిన వేలు ఇదే.

(సంతకం) ఐజాక్
ఎడమచేతి బొటనవేలి ముద్ర
20-03-2025