గిలక్కాయ డాక్టరమ్మగారి రెండో పరీక్ష

1991 జూన్ మూడవ తేదీన మా ఆసుపత్రి శిశు వైద్య విభాగంలో బాధ్యతలు స్వీకరించిన నాడే, డాక్టరమ్మగారి తెల్లకోటు జేబులో స్టెతస్కోపుతో పాటు ఒక చెక్క గిలక్కాయ కూడా ఉన్నది. పుట్టిన ప్రతి బిడ్డ చెవి దగ్గరా దానిని ఆడించి, ఆ బిడ్డ ఉలిక్కిపడితేనో రెప్ప కొడితేనో గాని ఆవిడ ముందుకు కదిలేవారు కారు. వారం తిరగకుండానే "గిలక్కాయ డాక్టరమ్మ" అన్న పేరు వార్డంతా పాకింది. విభాగాధిపతి హోదా వచ్చిన తరువాత కూడా ఆ పేరు ఆవిడను వదలలేదు. ఆవిడా దానిని వదులుకోలేదు.

ప్రసూతి విభాగంలో పనిచేసే నాకూ, ఆవిడకూ మధ్య ఉన్నది ఒక్క తలుపే. గర్భిణి కేసు షీటులో మేము "స్వల్ప జ్వరం, తగ్గినది" అని రాసి ఊరుకుంటే, ఆవిడ ఆ తలుపు తోసుకుని వచ్చేసేవారు. "ఏ నెలలో వచ్చింది? ఒంటిమీద దద్దుర్లు లేచాయా? లోపలున్నంతకాలం మీ వాటా, బయటికొచ్చాక నా వాటా అని పంచుకుంటే కుదరదండీ. వైరస్‌కి ఈ తలుపొక లెక్కా?" తల్లి నాలుగు రోజుల్లో మరచిపోయే రుబెల్లా జ్వరం, తొలి నెలల్లో సోకితే, బిడ్డ చెవినీ కంటినీ గుండెనూ దెబ్బతీయగలదని మేమందరం చదువుకున్నవాళ్ళమే. ఆ చదువును రోజూ గుర్తు చేసిన వారు మాత్రం ఆవిడ. ఆవిడ వస్తున్న అలికిడికి మేము మొహం చాటేసిన రోజులూ లేకపోలేదు.

ఉద్యోగంలో చేరిన ఆరేడేళ్ళకు జరిగిన ఒక సంగతిని ఆవిడే పదిమందిలో చెబుతుంటారు. మూడవ నెలలో దద్దుర్ల జ్వరం వచ్చిన, బట్టలు కుట్టే ఒకావిడకు ఆడపిల్ల పుట్టింది. కళ్ళూ గుండే బాగున్నాయి. గిలక్కాయ ఆడించగానే పిల్ల ఉలిక్కిపడింది. "బంగారంలా వింటోంది, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు డాక్టరమ్మగారు. మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరో గిన్నె మూత బల్లమీద పెట్టగా, ఆవిడ గ్లాసులోని నీళ్ళు కదిలాయి. పొద్దున గిలక్కాయ ఉయ్యాల ఇనుప కమ్మీకి తగిలిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల ఉలిక్కిపడినది చప్పుడుకా, అదురుకా? చెయ్యి కడుక్కోకుండానే ఆవిడ బస్‌స్టాపుకు పరుగెత్తారు.

"అమ్మా, బస్సెక్కకండి. నేను సరిగ్గా చూళ్ళేదు. ఇంకోసారి చూడనివ్వండి."

ఈసారి గిలక్కాయ దేనికీ తగలలేదు, పిల్ల కదలలేదు. పెద్దాసుపత్రిలోని యంత్రమూ అదే చెప్పింది. అత్తగారు కోడలిమీద విరుచుకుపడబోతుండగా, ఆ తల్లి "నా వల్లేనా డాక్టరమ్మా?" అని అడిగింది.

"నీ తప్పు ఇసుమంతైనా లేదు. గాల్లో వచ్చిన జబ్బు, ఎవరు అంటించారో దేవుడికే తెలియాలి. పెద్దమ్మగారూ, ఇప్పుడు దెబ్బలాటలకి టైము లేదు. చెవికి మిషన్ పెట్టిస్తాను, పిల్లకి మాటలు నేర్పాలి. మీ ఇంట్లో ఎక్కువ మాట్లాడేది మీరే కదా, ఆ పని మీదే!"

ఏడాది నిండకముందే మిషన్ అమరింది. నానమ్మగారు నోటికి విశ్రాంతి ఇవ్వలేదు, పిల్లకు మాటలొచ్చాయి.

ఆ తరువాత, చెవి పరీక్ష కానిదే బిడ్డ ఇల్లు చేరరాదన్న నియమాన్ని, గర్భం దాల్చకముందే స్త్రీలకు రుబెల్లా టీకా వేయించాలన్న పట్టుదలను ఆవిడ ఈ ఆసుపత్రికి అలవాటు చేశారు. కొత్త యంత్రం కోసం అధికారుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. "ఊళ్ళో పసిపిల్లలందరి చెవులూ చూస్తుంది, నా మాట మాత్రం తన చెవికెక్కదు" అని వారి శ్రీవారు మాతో మొరపెట్టుకునేవారు.

గత నెలలో ఆ కుట్టుపని ఆవిడ రెండవ కూతురు మా వార్డులోనే ప్రసవించింది. పెళ్ళికి ముందే తల్లి వెంటబడి ఆ అమ్మాయికి టీకా వేయించింది. డాక్టరమ్మగారు కమ్మీకి దూరంగా గిలక్కాయ ఆడించారు. బిడ్డ రెప్ప కొట్టింది. "దీని మాట నేను నమ్మను" అంటూ యంత్రం పెట్టించారు. చెవికి మిషన్‌తో ఉన్న పెద్దకూతురు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. యంత్రమూ సరేనన్నది. అమ్మమ్మ అయిన ఆ కుట్టుపని ఆవిడ కళ్ళు తుడుచుకున్నది.

"అప్పుడు నన్నో మాట అడిగావు, గుర్తుందా? మళ్ళీ అడుగు."

"నా వల్లేనా డాక్టరమ్మా?"

"ఈసారి నీ వల్లే!"

తలుపుకు ఇవతల నిలబడి నేను ఇదంతా విన్నాను. ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న డాక్టరమ్మగారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఇకనైనా శ్రీవారి మాట కాస్త చెవిన పెట్టాలని, అప్పుడప్పుడు ఆ తలుపు తోసుకుని వచ్చి మమ్మల్ని కేకలేస్తుండాలని మనసారా కోరుకుంటున్నాను. ఇక మేము మొహం చాటేయము.