అత్త నోట్లో నిప్పు

ఎస్.కోట పక్క ఊరు. పొద్దున్న. పెరటి గుమ్మం మీద అత్త జగ్గమ్మ, ఎదురుగా కోడలు రాజకుమారి. కొడుకు హరిబాబు ఇంట్లో ఉన్నాడు. అతని కేకలు మాత్రం పెరట్లోకి వస్తున్నాయి.

“తియ్యి అత్తా. నోట్లోంచి తియ్యి.”

“ఊఁహూఁ.”

“ఊఁహూఁ అంటే కుదర్దు. ఆ సుట్ట తీసి నా సేతిలో పెడితే గానీ ఈవేళ నానిక్కణ్ణుంచి కదల్ను. కొస పట్టుకుని లాగీమంటావేటి?”

“ఊఁహూఁ!”

“అలా కళ్ళెర్రజెయ్యకు. లోకంలో సుట్ట తాగినోళ్ళందరూ నిప్పు బయటికి పెట్టుకుంటే, నువ్వు నిప్పు నోట్లో పెట్టుకుంటావు. అడ్డపొగంట, అడ్డపొగ! మీ అమ్మ తాగినాది, మీ అమ్మమ్మ తాగినాది, సరే. ఆళ్ళ నోళ్ళు సూసే డాక్టర్లు లేరు. మొన్న బళ్ళో కేంపు పెట్టినప్పుడు ఆ పళ్ళ డాక్టరమ్మ ఏటన్నాది? అడ్డపొగ తాగితే అంగిట్లో పుండు పడతాది, అది మంచి పుండు కాదమ్మా అన్నాదా, లేదా? ఊళ్ళో ఆడోళ్ళందరూ నోరు తెరిసి సూపించుకున్నారు. నువ్వొక్కదానివే కళ్ళు తిరుగుతన్నాయని పారొచ్చీసినావు.”

“ఊఁ.”

“ఊఁ అంట! మళ్ళీ ఆ నవ్వేటి?”

“అమ్మా! నా నీలం సొక్కా ఏదీ?”

“అత్త నోట్లో సుట్టున్నాది బావా!”

“అయితే నువ్వు సెప్పు! ఏదీ?”

“తాడు మీద! నీ కళ్ళ ముందే ఏలాడతన్నాది!”

“ఏ తాడు?”

“ఈ ఇంట్లో ఎన్ని తాళ్ళున్నాయి బావా! ... సూసినావా అత్తా? పిలిసినాది నిన్ను. తగిలినాది నాకు.”

“ఊఁ.”

“అత్తా, నీకు దండమెడతాను. సుట్ట సంగతి ఒగ్గీ, నా సంగతి ఇను. నాకు బాగోలేదు. నిన్న సిన్నదాన్ని కొట్టీసినాను. నీకు తెల్దు. పాలు ఒలకబోసినాదని ఈపు మీద ఒక్కటిచ్చినాను. సెయ్యి అచ్చు పడిపోనాది. అది ఏడిసినా బాగుణ్ణు. ఏడవలేదు. అలా నాకేసి సూసినాది. నాను గాదె ఎనక్కెల్లి కూకుని ఏడిసినాను.”

“ఒలే రాజీ.”

“అమ్మయ్య, తీసినావు! అలా గుప్పిట్లో దాస్తావేటి? సెయ్యి కాలతాది!”

“కాల్తే నా సెయ్యే గదే. పిల్లని కొట్టేటంత ఏటయినాది నీకు?”

“ఏటీ అవ్వలేదు. అదే బాద. పొద్దున్న లేస్తే రాజీ, అమ్మా, ఏమే, ఒలే, కోడలా. పిలిసినోళ్ళే గానీ ఒక్కపూట ఒగ్గీసినోళ్ళు లేరు. ఎవరన్నా పిలిస్తే సాలు, సేతిలోది ఇసిరికొట్టాలనిపిస్తాది. అందుకే సెల్లులో మేడమ్ సెప్పినవన్నీ సేస్తన్నాను.”

“ఏ మేడమ్?”

“వైజాగ్ మేడమ్. మనసు నిమ్మళంగా ఉండాలంటే రోజూ ఏటేటి సెయ్యాలో వీడియోలు పెడతాది.”

“ఏటి సెయ్యాలంట?”

“పొద్దున్న లేస్తానే సెల్లు ముట్టకూడదంట.”

“మరి ఆ మేడమ్‌ని ఎందులో సూస్తన్నావు?”

“సెల్లులోనే. అడ్డు తగలకు! తరవాత సెప్పులిప్పీసి నేలమీద నిలబడాలంట. అరికాళ్ళకి మట్టి తగలాలంట.”

“మరి ఇన్నేళ్ళూ వరి ఉడుపుల్లో నీ కాళ్ళెక్కడెట్టినావే?”

“అది పని అత్తా. ఇది ఊరికే నిలబడ్డం.”

“ఊరికే నిలబడితే మీ మావ ఊరుకున్నాడేటి?”

“ఎక్కడూరుకున్నాడు! ఎలాగా నిలబడినావు కదా, పెయ్యకి కుడితెట్టీమన్నాడు.”

“అంతాడు. తరవాత?”

“కళ్ళు మూసుకుని ఊపిరి మెల్లగా పీల్సి, మెల్లగా వదలాలంట.”

“వదిలినావా?”

“పీల్సినాను. వదిలేలోగా కుక్కరు కూసినాది. దాని ఎనకే నీ కొడుకు కూసినాడు. పొద్దున్నే కునుకేటే అన్నాడు.”

“నా బంగారు కొడుకు.”

“నవ్వకు. సాయంత్రం తీరిగ్గా కాళ్ళకి నూనె రాసుకోవాలంట. రాసుకుని కూకున్నానా, పెద్దది గేటెక్కి పడిపోతానని అరిసినాది. నూనె కాళ్ళతో పరిగెట్టినాను. అది పడలేదు. నాను పడ్డాను.”

“ఓలమ్మో! ఆ మోత నువ్వేనేటి? పెయ్య తాడు తెంపుకున్నాదనుకున్నాను!”

“నవ్వు. బాగా నవ్వు. పడుకునే ముందు ఆవేళ జరిగిన మంచి ఒకటి తలుసుకోవాలంట. తలుసుకుంటా పడుకున్నాను. ఎంతకీ తగల్లేదు. ఉన్న నిద్దర కూడా పోనాది.”

“అయ్యో, తల్లీ.”

“ఇంకోటున్నాది. అద్దంలో సూసుకుని నిన్ను నువ్వు పేమించుకోవాలంట.”

“పేమించుకున్నావా?”

“అద్దం ముందు నీ కొడుకు గెడ్డం గీసుకుంతన్నాడు.”

“ఆణ్ణే పేమించొచ్చు గదే.”

“ఆ పని సేసే కదా ఈ ఇంట్లో పడ్డాను!”

“రాజీ! అమ్మ ఒప్పుకున్నాదా? మానేస్తన్నాదా?”

“అడుగుతన్నాను బావా! కాసేపుండు!”

“ఏటే, ఆడికేటి అంత తొందర?”

“ఏటీ లేదు.”

“ఒసే, నువ్వు నా తమ్ముడి కూతురివి. అబద్దమాడితే మీ నాన్నలాగ ముక్కు గోక్కుంటావు. అదిగో, గోక్కుంతన్నావు. సెప్పు.”

“మరేటి సెయ్యను? పొద్దున్న కాసేపు నన్నొగ్గీ బావా, పిల్లల జడలు నువ్వెయ్యి, టిపిన్లు నువ్వు కట్టు, నాను పెరట్లో ఒక్కదాన్నీ కూకుంటాను, లేకపోతే నాకు పిచ్చెక్కిపోతాది అన్నాను. దానికి బావ, ముందు మా అమ్మ సేత సుట్ట మానిపించు, ఆ పూట నుంచి పొద్దున్న పిల్లలు నా పూచీ అన్నాడు.”

“ఓహో. నా సుట్టకీ నీ సుకానికీ ముడెట్టినాడు ఎదవ.”

“నీ మంచికే కదత్తా. నీ నోరు బాగుంతాది, నా బుర్ర బాగుంతాది. ఇలా తే.”

“ఇవ్వను.”

“నీ కొడుకు, నీ మనవరాళ్ళు, నాను, ఇంతమంది కంటే అదెక్కువేటి?”

“ప్రాణమడుగు, ఇస్తాను. ఇది మాత్రం ఇవ్వను.”

“అంత రుసేటి ఆ కంపు దాంట్లో?”

“రుసి కాదే. నీకు తెల్దు. ఎల్లు, పొయ్యి మీద పాలున్నాయి.”

“పొంగిపోనీ. నాను పట్టుకున్నాను, ఒదల్ను. ఇప్పు గుప్పిట! ఇప్పు!”

“ఒలే ఒగ్గు! కాలతాది! ఒలే, నిప్పే! సెయ్యి కాలిపోతాది!”

“కాలిపోనీ! నాకిప్పుడు కాలకుండా ఏటున్నాది! ఇదిగో, వచ్చీసినాది... అత్తా?”

“ఏటి?”

“ఇది సల్లగా ఉన్నాదేటి?”

“నీతో వాగి వాగి ఆరిపోనాది.”

“ఆరితే మసుండాలి కదా? మసేదీ? రెండు కొసలూ ఒక్కలాగున్నాయి. అత్తా, ఇది పొగాకు కూడా కాదు! ఇది అడ్డాకు! విస్తర్లు కుట్టే అడ్డాకు! లోపలేటిది? లవంగమా?”

“మెల్లగా మాటాడవే తల్లీ! నా కొడుకు సెవిలో పడతాది!”

“నువ్వు సుట్ట తాగట్లేదా?”

“లేదు.”

“ఎప్పట్నుంచి?”

“నీ పెద్దది పుట్టిన కాణ్ణుంచి. ముద్దెట్టుకుందామని ఎత్తుకుంటే మొకం అటు తిప్పీసి గుక్కపట్టినాది. నా నోటి కంపుకి. నా మనవరాలు నా కాడికి రానప్పుడు ఈ ముదనష్టపు సుట్ట నాకెందుకని పారేసినాను. సచ్చినంత పనయినాది. కూడు సయించలేదు, కంటికి నిద్దర లేదు. అయినా మళ్ళీ ముట్టలేదు.”

“అయ్యో, మాకొక్క ముక్క సెప్పొచ్చు కదత్తా! ఊరంతా గొప్పగా సెప్పుకుందును!”

“సెబుదామనే అనుకున్నాను. మానేసిన మర్నాడు ఇక్కడే, ఈ గుమ్మం మీదే ఊరికే కూకున్నాను. నోరు కాళీ. అది ఎలా పసిగట్టినారో గానీ ఒకరెనకొకరు పిలవడం మొదలెట్టినారు. ఒసే నా కళ్ళద్దాలేవని మీ మావ. అమ్మా బండి తాళమేదని నా కొడుకు. అత్తా ఉప్పెక్కడెట్టినావని నువ్వు.”

“నానా?”

“నువ్వే. ఆ పక్కింటి తాతమ్మయితే గోడ మీద గెడ్డం ఆనించి కోడలి మీద సాడీలు మొదలెట్టినాది. మజ్జానానికి బుర్ర పగిలిపోనాది. అప్పుడు తెలిసినాది నాకు. ఇన్నేళ్ళూ నన్ను నిమ్మళంగా ఉంచినాది పొగ కాదే. నోట్లో నిప్పున్న మనిసిని ఎవుడూ పలకరించడు. మాటాడితే నాలిక కాలతాదని ఎవుడి పని ఆడే సూసుకుంతాడు. ఆ నిప్పు లోపలుంతాది, ఉన్నాదో లేదో ఎవుడు సూడొచ్చినాడు? మర్నాడే అడ్డాకు సుట్టి, దారం కట్టి నోట్లో పెట్టుకున్నాను. అప్పట్నుంచి ఈ గుమ్మం మీద ఉన్నంతసేపు నన్నెవుడన్నా కదిపితే ఒట్టు.”

“అందుకా కేంపులోంచి పారొచ్చీసినావు!”

“మరేటి? ఆ డాక్టరమ్మ టార్చీ ఏసి, నీ నోరు అద్దంలాగున్నాదమ్మా అని ఊరందరి ముందూ అన్నాదంటే నా బతుకేటయిపోతాది?”

“ఉండుండు. మరి మావ సంతకెల్లినప్పుడల్లా నీకని సుట్టల కట్ట తెస్తాడు కదా. ఆ సుట్టలన్నీ ఏటవుతన్నాయి?”

“మీ మావే తాగుతన్నాడు.”

“మావా! మావ మానేసినాడు కదా! ముఖలింగం ఎల్లి దేవుడి ముందు ఒట్టేసి మరీ మానేసినాడు!”

“ఊరికి సెప్పుకున్నాడు. పశువుల సాల ఎనక తాగుతన్నాడు. కంపేటంటే మీ అత్త కాడినుంచే అంతాడు. నాను తాగుతన్నట్టు, ఆయన మానేసినట్టు. నా గుట్టు ఆయన కాడ, ఆయన గుట్టు నా కాడ. అందుకే మా కాపరం ఇంత సల్లగున్నాది.”

“ఓలమ్మా, ఓలమ్మా! ఎంత నాటకమత్తా! మీ ఇద్దరి మద్దినీ నాను ఎర్రిదాన్లాగ ఊపిరి పీల్సుకుంటా కూకున్నాను!”

“నవ్వుతన్నావా, ఏడస్తన్నావా?”

“తెల్దు. రెండూ వస్తన్నాయి. అయితే అత్తా, నా పని తేలికయిపోనాది. మీ అమ్మ ఎప్పుడో మానేసినాది బావా అని ఇప్పుడే ఎల్లి సెప్పీస్తాను. పొద్దున్న కాసేపింక నాదే.”

“సెప్పు. ఎవరొద్దన్నారు? నా కొడుకు మాటిచ్చినాడు కదా, జడలెయ్యడానికి కూకుంతాడు. కూకుంటానే రాజీ దువ్వెనేదీ అంతాడు. తరవాత రాజీ రిబ్బనేదీ అంతాడు. ఆ తరవాత రాజీ పిల్లలేరీ అంతాడు. నీ నోరు కాళీగా కనిపిస్తాది కదా, పిలుస్తానే ఉంతాడు. ఈ పక్కన నా నోరూ కాళీయే. ఇద్దరం కలిసి ఆడి అరుపులు ఇందుం.”

“అంతేనంతావా?”

“కన్నదాన్ని. నాకు తెల్దేటి?”

“రాజీ! డూటీకి టైమయిపోతన్నాది! అమ్మ మానేసినాదా లేదా, ఏదోటి సెప్పు!”

“అత్తా.”

“ఏటి?”

“ఇలాటిది ఇంకోటున్నాదా?”

“బొడ్లో దోపుకున్నాను. కొత్తదే. లవంగం పొద్దున్నే పెట్టినాను.”

“మరి నీకో?”

“నా సంగతి నీకెందుకు? రేపట్నుంచి నాకు సెవుడొస్తాది.”

“మరి మావ? నువ్వు మానేసినావంటే సంతలో కట్ట ఎవరికని కొంతాడు?”

“కోడలికని కొంతాడు. కట్ట తేవడం తేనీ, ఆ సాల ఎనక్కెల్లి ఆయన సంగతి నాను తేలుస్తాను. ముందు నోరు తెరు. కొరక్కు, సప్పరించు. మూతి బిగించు. ఆఁ. కళ్ళు సగం మూసుకో. సెప్పులిప్పీసి కాళ్ళు మట్టిలో ఎట్టు. ఇప్పుడు పీల్సు మీ మేడమ్ సెప్పిన ఊపిరి.”

“ఊఁ.”

“వదులు. మెల్లగా. ఎలాగున్నాది?”

“ఊఁ...”

“సాయంత్రం సిన్నదాన్ని ఒళ్ళో కూకోబెట్టుకుని దాని ఈపుకి ఆ నూనె రాయి. నీ కాళ్ళకి కాదు, దానికి రాయి. ఇనపడినాదా?”

“ఊఁ.”

“కళ్ళు తుడుసుకో. నిప్పున్నోళ్ళు ఏడవరు.”

“రాజీ! నిన్నే!”

“ఒరే హరీ! మానేసినాన్రా! నీ మీదొట్టు, సుట్ట మానేసినాను!”

“నిజమా అమ్మా! రాజీ, సెబాస్! మాటంటే మాటే. ఈవేళ్టి నుంచి పిల్లలు నా పూచీ! ఇదిగో, జడలు మొదలెట్టేస్తన్నాను! ... రాజీ, దువ్వెనేదీ? ... రాజీ! దువ్వెనేదే? పలకవేటి?”

“దాన్ని పిలవకురా! దాని నోట్లో నిప్పున్నాది!”