మడి గాదుమా

కోడుమూరులో కొళాయి నీళ్లొచ్చి మూడు దినాలైంది. కిరాణా అంగడి వెనకింట్లో, పదో తరగతి చదివే కూతురి కడిగి కడిగి పగిలిన చేతులకు తల్లి కొబ్బరినూనె పూస్తోంది.

"మీ జేజి మడంతా నీకే వచ్చిందే. వీధంతా మెచ్చుకుంటాండారు."

"మడి గాదుమా. కడగకుంటే నువ్వు సచ్చిపోతావని లోపల ఒకటే అనిపిస్తాండాది. అబద్ధమని తెలుసు. అయినా ఆపుకోలేకపోతాండా."

"నాకేమైతాదే? గుండ్రాయి మాదిరి ఉండా."

"ఇది జబ్బేనంట, మందులుండాయంట. బడికొచ్చిన డాక్టరమ్మ చెప్పింది. కర్నూలుకు పిల్చుకపోమా."

"పిచ్చి డాక్టరు కాడికా? మీ నాయన అంగట్లో తలెత్తుకోవల్లా వద్దా? శనివారం తాయెత్తు కట్టిస్తాలే."

"దాన్ని గూడా కడగల్ల గదుమా."

తల్లి నవ్వి, నూనెగిన్నె పట్టుకొని లోపలికి పోయింది. ఆమె బతకాలని, ఆమె పూసిన నూనెను కడుక్కోవడానికి కూతురు నీళ్లు అడుగంటిన తొట్టి దగ్గరికి నడిచింది.