నర్మెట్ట అంగట్లో డప్పు సాటింపు

జనగామ, 1987. మున్సిఫ్ కోర్టు నడిచే రోజుల్లో కూడా వెంకట్రాం వకీలు గారికి సగం సెలవే. ఆ సాయంత్రం అరుగు మీద కుర్చీలో ఆయన, గడప మీద బియ్యం చాటతో భార్య ప్రేమలత.

“...చాట పక్కకు పెట్టి ఇను. డప్పు కొట్టిపిచ్చిండు! నల్లకోటు తొడిగేటోడు నర్మెట్ట అంగట్ల డప్పు కొట్టిపిచ్చుకుంటడా?”

“ఎవరు?”

“ఎవరేంది, ఎవరు! ఇంకెవరుంటరు? నీ చెల్లె మొగడు. శ్రీపాల్.”

“ప్రమీల నా తోడవుట్టిందా ఏంది? మా చిన్నాయిన బిడ్డె.”

“చిన్నాయిన బిడ్డె చెల్లె గాదా? మీ నర్మెట్టకు వకీలు అల్లుండ్లం మేమిద్దరమే. పెద్దల్లుణ్ణి నేను. అత్తగారింట్ల మూలుగబొక్క మాత్రం వాని గిన్నెల పడ్తది.”

“మల్ల మూలుగబొక్క! ఎన్కటి పండుగ ముచ్చట.”

“ఎన్కటిదైతే బొక్క గాకుంటవోతదా? సరే, అది ఇడిసిపెట్టు. ఇది ఇను. పోయిన్నెల అంగడి నాడు మీ ఊరి సాటింపు ఉప్పలయ్య డప్పు కొట్టుకుంట తిరిగిండట. జనగామ కోర్టుల గసొంటి వకీలు సాబు లేడు, భూమి కయ్యాలున్నోళ్లు ఆయన కాడికే పోండ్రి అని. మిరపకాయ అమ్మవోయిన బీక్యా తన చెవులతోని ఇన్నడు. నాలుగొద్దుల కింద చాయ్ హోటల్ల నాకు చెప్పిండు.”

“పేరు పెట్టి సాటిండట్నా?”

“పేరెందుకు? మొన్న సోమారం వాని అరుగు సూసినవా? చెప్పులే చెప్పులు. అరుగు నిండి వాకిట్లకు, వాకిలి నిండి సడక్ మీదికి. నా అరుగు మీద ఏమున్నయి? నువ్వే చెప్పు.”

“మీ చెప్పులున్నయి.”

“నవ్వు! నవ్వు!”

“నవ్వుతలేను. అయినా ఒకటడుగుత. డాక్టరు బోర్డు పెట్టుకుంటడు. బట్టల దుకాణపోడు టాకీసుల సిలైడు ఏపిస్తడు. సార కాంట్రాక్టరు ఏకంగ మైకే పెట్టిపిస్తడు. ఒక్క వకీలు చెప్పుకుంటే ఏం మునిగింది?”

“వకీల్ది దుకాణమా? కల్లు కాంపౌండా? మర్యాద గల్ల పని. దూపైనోడు బాయి కాడికి రావాలె గని, బాయి లేసి ఊరూరు తిరుగుతదా?”

“బాయి ఏడుందో తెల్వాలె గద దూపైనోనికి! నర్మెట్టల బస్సెక్కినోడు ఈడ దిగుడే ఆలస్యం, పైరవీకారు రెక్క వట్టుకుంటడు. నాకు తెల్సిన వకీలున్నడు రా అంటడు. గొర్రెను తోలుకపోయినట్టు తోలుకపోతడు. ఎవ్వలు మంచోళ్లో, ఎవ్వలు ముంచేటోళ్లో పల్లె నుంచొచ్చే సాలమ్మకు, ఎల్లక్కకు ఎవరు చెప్పాలె?”

“నా బోర్డు లేదా?”

“ఉన్నది. పిచ్చుక దాని మీద గూడు పెట్టింది. గూడు కనవడ్తది గని బోర్డు కనవడదు.”

“బోర్డు చిన్నదే ఉండాలె. అది వకీళ్ల కాయిద, రూలు!”

“కాయిద ప్రకారం అంతా మంచిగనే ఉన్నది. ఇంట్ల ఉప్పు పప్పే కాయిద ఇంటలేవు.”

“గట్ల ఎత్తి పొడువకు. పైరవీకార్లకు సగమిస్తే నాకూ వస్తరు మంది. ఇయ్య. సచ్చినా ఇయ్య.”

“ఇయ్యొద్దు. ఎవరియ్యమన్నరు? మీరు మంచోళ్లని నాకెర్కనే.”

“నీకెర్కయి ఏం ఫాయిద? దునియకెర్క గావాలె. దునియ డప్పునే ఇంటది. వాడు కోటు ఇప్పి బుజం మీదేసుకొని సడక్ మీద వోతుంటే హోటల్ల మంది లేసి నిలవడ్తుండ్రు. నేను వోతుంటే టైమెంతైంది సారూ అని అడుగుతుండ్రు. ప్రేమలతా, వాణ్ణి సూస్తే నాకు కడుపుల మిరపకాయ నూరినట్టయితది.”

“ఇది కోపమా, కుళ్లా?”

“కుళ్లే! పో, కుళ్లే అనుకో! అరవై తొమ్మిదిల నేను జై తెలంగాణ అనుకుంట జైల్ల కూసున్న. ఏడాది సదువు మన్నయింది. వాడేం జేసిండు? మెల్లగ కాలు గడప దాటనియ్యకుంట కూసొని, బయటి ఊర్ల పరీక్ష రాసొచ్చిండు. నా కంటె ఏడాది ముంగట వకీలు సనదు తెచ్చుకున్నడు. ఇయ్యాల జడ్జి సాబు వాణ్ణి సీనియరంటడు. నన్ను సీనియరు ఎనుక కుర్చీల కూసోమంటరు. లాఠీ దెబ్బలు నాయి, జీపు వానిది!”

“మీరు జైలుకు వోయిండ్రనే మా నాయిన మీకు పిల్లనిచ్చిండు.”

“ఆ నాయిననే వాని జీపుల ముంగట సీట్ల కూసొని అంగడికి వోతడు.”

“ముసలోడు. కాళ్లు నొస్తయి.”

“నా సైకిల్ మీద గూసుంటే నొయ్యవా?”

“జర మెల్లగ. సడక్ మీదోళ్లు ఇంటరు.”

“ఇననీ. ఇదే ఆఖరు. వచ్చే దసరా దాక సూస్త. కేసులు రాకుంటే మీ అన్న రవీందర్ చెప్పినట్టు భూపాలపల్లికి వోత. కొత్తగ బొగ్గు బాయిలు తవ్వుతుండ్రు గద. ఆఫీసుల గుమాస్త నౌకరి ఇప్పిస్త అంటుండు. ఎల్ఎల్బీ సదివి హాజరు వట్టీల టిక్కులు వెట్టుకుంట బతుకుత. వాడేమో నా అరుగు గూడ కిరాయికి తీసుకుంటడు.”

“గంత మాటెందుకు? ఎదురుసూద్దాం. వస్తరు మంది.”

“ఏడికెల్లి వస్తరు? ఉన్నోళ్లందరు వాని వాకిట్లనే ఉంటిరి. గందుకే రాసిన.”

“ఏం రాసిండ్రు?”

“దరఖాస్తు. హైద్రాబాదు బార్ కౌన్సిలుకు. వకీలు డప్పు కొట్టిపిచ్చుకునుడు తప్పు. పెద్ద తప్పు. సనదు వోతది.”

“రాసిండ్రా? ఎప్పుడు? ఏడున్నదది?”

“నీకెందుకు గంత తొందర?”

“ఊకెనే.”

“ఊకెనే అయితే చాటల బియ్యమెందుకు కింద వోసినవు?”

“చెయ్యి జారింది. ఇగో, నా మాట ఇనుండ్రి. ఇంటి మనిషి. తెల్లారి పెండ్లిల, సావుల మొఖాలు మొఖాలు సూసుకోవాలె. చింపేయుండ్రి.”

“చింపుడా? రెండు దినాలు కూసొని రాసిన. ఒక్క సందు ఇడువలే. వాడు రేపు ఏమంటడు? నాకేం తెల్వదు, మా ఇంట్లోళ్లు జేసిండ్రు అంటడు. గందుకే ముందుగాలనే గడియ వెట్టిన. సూటిగైనా, చాటుకైనా తప్పు తప్పే. భార్య జేసినా వకీలు జేసినట్టే అని రాసి, కింద ఎర్రసిరతోని గీత కొట్టిన.”

“భార్య జేసినా?”

“భార్య జేసినా.”

“ఆయనకు తెల్వకుంట జేస్తే?”

“ఇంట్ల ఏమైతందో తెల్వనోడు కోర్టుల ఏం జేస్తడు? అది గూడ రాసిన.”

“అయ్యో, గది గూడ రాసిండ్రా! శ్రీపాల్ పేరు రాసిండ్రా మల్ల?”

“నేనేమన్న పిచ్చోణ్ణా? రుజువు లేకుంట పేరు రాస్తే నా మీదనే దావా ఏస్తడు. పేరు రాయలే. ఉప్పలయ్యను పిలిపిచ్చి అడుగుండ్రి, ఏ వకీలు కోసం సాటిండో ఆ వకీలు సనదు గుంజుకోండ్రి అని రాసిన. ఎట్లుంది?”

“ఉప్పలయ్యనా? ఉప్పలయ్య అబద్ధమాడడు.”

“గందుకే గద రాసింది!”

“ఓదెలేడి? ఓదెలు ఏడవోయిండు?”

“పోస్టాఫీసుకు పంపిన. కేసులు లేకున్నా గుమాస్త ఉన్నడు గద, గిదొక్క పనన్న జేస్తడని.”

“పిలువుండ్రి! సైకిలెక్కి పోండ్రి. జల్ది పోండ్రి. తాళమేసిండ్రో లేదో...”

“ఏమైందే నీకు? తల్లిగారి దిక్కు గుంజుతున్నవా? ఊకో. ఇగో, ఓదెలు రానే వచ్చిండు. ఏమైంది ఓదెలూ?”

“అయింది సార్. రిజిస్టర్ జేసిన. సంచిలేసి, మూతి కుట్టి, పట్నం రైలుబండికి పంపిచ్చిండ్రు. నా కండ్ల ముంగటనే.”

“వాపసు తెచ్చుడు కాదా ఓదెలన్నా?”

“ఏం తెస్తమమ్మా? బండి ఈపాటికి ఆలేరు దాటి ఉంటది.”

“శభాష్. ఇగ ఇంటికి వో.”

“అమ్మ మొఖమేంది సార్, గట్లయింది?”

“ఏం లేదు. నువ్వు పో అన్న గద... ప్రేమలతా. ఇటు సూడు. ఏడుస్తున్నవా? వాని సనదు వోతే నువ్వెందుకు ఏడుస్తవు? వాని మీద నీకు గంత పాణం గొట్టుకుంటదా?”

“ఛీ! ఏం మాటలవి? వానిది వోదు.”

“ఎట్ల వోదు?”

“మీది వోతది.”

“నాదా?”

“ఉప్పలయ్యకు సాటుమని చెప్పింది నేను.”

“నువ్వా? వాని కోసమా?”

“వానికెందుకు కొట్టిపిస్త? మీ కోసం! పోయిన్నెల అమ్మగారింటికి వోయిన గద, అప్పుడు. మా ఇంటెనుక ఉప్పలయ్యను పిలిచి చెప్పిన.”

“మరి వాని అరుగెందుకు నిండింది? నా పేరెందుకు చెప్పలే ఉప్పలయ్య?”

“మొగని పేరు నేనెట్ల చెప్పుదు? పెండ్లయిన కాన్నుంచి ఒక్కనాడన్న మీ పేరు నోట్లెకెల్లి ఎల్లిందా? అమ్మ ఉండె, చిన్నమ్మ ఉండె. మన ఊరల్లుడు, జనగామ వకీలు సాబు అని చెప్పుమన్న. ఉప్పలయ్యకు నేను ఎవరి పెండ్లాన్నో ఎర్కనే. ఆయన గట్లనే సాటిండు. అంగట్ల మందికి ఏమెర్క? ఊరల్లుడంటే వాళ్లకు జీపుల దిగేటాయన. అందరు ఆడికే వోయిండ్రు.”

“నువ్వు... నడి అంగట్ల నా మర్యాద...”

“మర్యాద! దినాం పొద్దుగాల ఆ కోటు దులుపుతరు. మాపు వచ్చినంక మల్ల దులుపుతరు. దాని మీద దుమ్ము గూడ పడ్తలేదు, దులుపుడెందుకు? నేను సూస్తలేనా? అమ్మగారింట్ల ప్రమీల కొత్త గాజులేసుకొని, చేతులు ఊపుకుంట ఊపుకుంట నాకు అన్నం వడ్డిచ్చింది. అక్కా, ఇంకింత ఏసుకో, మీ ఇంట్ల తింటవో తినవో అన్నది. చెయ్యి కడుక్కొని లేసిన. మీకే ఉంటదా కుళ్లు? నాకుండదా? దానికంటె నా మొగడు తెలివిగల్లోడు. మంచోడు. దునియకు ఎందుకు తెల్వదు అనుకున్న. చెప్పిపిచ్చిన.”

“మల్ల వాని వాకిట్లకే నింపినవు.”

“నింపిన. ప్రమీల వచ్చి నా ముంగటనే నవ్వుకుంట చెప్పింది, మా ఆయనకు ఎవలో పుణ్యాత్ములు డప్పు సాటిచ్చిండ్రక్కా అని. ఆ నాడు నేను లోపలికి వోయి ఏడ్సిన. మీకు చెప్పలేకపోయిన.”

“సనదు వోతది. ఉప్పలయ్యను పిలుస్తరు. వాడు ఉన్నదున్నట్టు చెప్తడు.”

“తెల్లారి మొదటి బండికి వోదాం. నేనొస్త. పెద్ద సార్ల ముంగట నిలవడి చెప్త. ఆయనకేం తెల్వదు, నేనే జేసిన అని.”

“భార్య జేసినా వకీలు జేసినట్టే.”

“గట్లని ఎవరన్నరు?”

“నేనే.”

“ఎర్రసిర గీత గూడ కొట్టిండ్రు.”

“ఊకో!”

“ఊకున్న.”

“నా గొయ్యి నేనే తవ్వుకున్న. పారకు సాన గూడ వట్టుకున్న.”

“ఇగో, మంచినీళ్లు తాగుండ్రి.”

“ప్రేమలతా.”

“ఆఁ.”

“ఉప్పలయ్య... ఏమని సాటిండు?”

“గిప్పుడెందుకది?”

“ఊకెనే. రేపు అడుగుతరు గద. బీక్యా సగమే చెప్పిండు, నాకు మొత్తం తెల్వాలె. ఏమని చెప్పినవు వానికి?”

“ఏమున్నది... ఇనుండ్రయ్యా, ఇనుండ్రి! మన ఊరల్లుడు, జనగామ కోర్టు వకీలు సాబు! లంచం తెల్వదు, పైరవీ తెల్వదు! పేదోని కాయితమైనా కూసోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొత్తం సదువుతడు! ఓడిపోయే కేసైతే ఓడిపోతదని మొఖం మీదనే చెప్తడు!”

“గది గూడ సాటిపిచ్చినవా?”

“నిజమే గద!”

“నిజమే. మల్ల?”

“గెలిసే కేసైతే ఇల్లమ్మి అయినా గెలిపిస్తడు! జైలుకు వోయొచ్చినోడు, ఎవ్వనికి భయపడడు! అసొంటి వకీలు వరంగల్ల లేడు, హైద్రాబాదుల లేడు! భూమి కయ్యాలున్నోళ్లు ఆయన కాడికే పోండ్రహో! అని.”

“హైద్రాబాదుల గూడ లేడన్నడా?”

“నేనే అనుమన్న.”

“అంగడంత ఇన్నదా?”

“ఇన్నది. డప్పు ఆపి ఆపి సాటిండట. గొర్లు అమ్మేటోళ్లు గూడ బేరం ఇడిసిపెట్టి ఇన్నరట. ఇగ ఊకోండ్రి. లోపలికి రాండ్రి, పొద్దు గూకింది. తెల్లారి ఏం జెయ్యాల్నో ఆలోచన జేద్దాం.”

“జేద్దాం. నువ్వు గూసో. ఇంకోపారి చెప్పు.”

“ఏంది?”

“మొదటికెల్లి చెప్పు. జర గట్టిగ, సడక్ మీదోళ్లకు ఇనవడేటట్టు... పేరు వెట్టి.”