నీలవేణి గారు గాలిలో నిలిపిన హెలికాప్టర్

1989 ఆగస్టు 16వ తేదీ, బుధవారం నాడు, పొందూరు నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా విజయనగరంలోని మా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో అడుగుపెట్టి, శ్రీమతి నీలవేణి గారు ల్యాబ్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. సన్ననూలు వడికే తల్లి పక్కన కూర్చుని పెరిగినందువల్లనేమో, వెంట్రుకవాసి తేడాను సైతం వేలికొసతో పసిగట్టే నేర్పు ఆమెకు అప్పటికే అబ్బింది.

తొలి పదిహేనేళ్లు లేత్ యంత్రాల వద్ద, తరువాత నాలుగేళ్లు బదిలీపై శ్రీకాకుళంలో పనిచేసి, సీనియర్ టెక్నీషియన్‌గా తిరిగివచ్చిన నీలవేణి గారు, విడిగా పడివున్న యంత్రభాగాన్ని చూస్తే ఊరుకోలేని మనిషి. పాడైన పంకాను మరమ్మతుకు పంపుదామని ఎవరైనా అంటే, అది తనకు జరిగిన అవమానంగా భావించేవారు.

రెండేళ్లు పట్టువదలక అర్జీలు పెట్టి, నమూనా విమానాల శిక్షణ గదిని ఆమె సాధించారు. దానిలోకి వచ్చిన ముఖ్యమైన సామగ్రి మూరెడు పొడవున్న రిమోట్ హెలికాప్టర్. ఎగరడం దానికి వచ్చు. ఒకచోట నిలవడమే రాదు. ముక్కు ఎడమకు తిరిగితే రిమోటు మీది చిన్న మీటను గీత గీతగా కుడికి జరుపుతూ, వెనక్కి జారితే మరో మీటను ముందుకు నెడుతూ, ఏ మీట ఏ గీత దగ్గర కుదిరిందో పుస్తకంలో రాసుకుంటూ, రెండు వారాలు దాన్ని బుజ్జగించారు. దసరా సెలవుల ముందు అది ఛాతీ ఎత్తున కొక్కేనికి తగిలించినట్లు నిలిచింది. ఆ సాయంత్రమే వర్క్‌షాపులో ఆయుధపూజ జరిగింది.

సెలవులు ముగిసిన రోజునే పరిశీలక బృందం రావలసి ఉంది. హెలికాప్టర్‌ను నిలకడగా ఎగరేసి చూపలేకపోతే గది రద్దవుతుందనీ, సామగ్రి వేరే జిల్లాకు పోతుందనీ ముందే తాఖీదు వచ్చింది. ఆ ఉదయం మీట కదపగానే, నేల విడవకముందే, అది చలిజ్వరం వచ్చినట్లు వణికిపోయింది. ఫోర్‌మన్ జగన్నాధం గారు రిమోటు అందుకుని, ఇక తిప్పడానికేమీ మిగలనంతగా మీటలన్నీ తిప్పారు. వణుకు తగ్గలేదు.

నీలవేణి గారు యంత్రాన్ని ఆపి, పైనున్న రెండు రెక్కల వెంబడి వేలు నడిపారు. ఒక రెక్క కొసన గంధం ముద్ద, దాని మీద కుంకుమ, ఎండి గట్టిపడి ఉన్నాయి. రెండో రెక్క ఖాళీగా ఉంది.

“బేగి తుడిసెయ్యమ్మా. ఆళ్లు గేటు కాడికొచ్చీసినారు,” అన్నారు జగన్నాధం గారు.

అటెండర్ ఎల్లాజీ ముందుకొచ్చాడు. “ఆ బొట్టు నేనే ఎట్టానమ్మా. రెండో రెక్క అవతలికుండిపోనాది, నాకందనేదు. పూజ సేసిన బొట్టు తుడిసీడమేటని... నా వల్ల మన గది పోతాదేటి?”

తుడవడం క్షణంలో పని. అది నీలవేణి గారికి తెలియనిది కాదు. కానీ భక్తితో పెట్టిన బొట్టును అందరి ఎదుట తుడిస్తే, ఆ మనిషి మళ్లీ ఆ గది గడప తొక్కడని కూడా ఆమెకు తెలుసు.

“తుడవక్కర్నేదు ఎల్లాజీ. రెండో దానికీ అంతే బరువెడదాం. కేంటీన్లో టీ గ్లాసులు రెండు పట్రా.”

బొట్టు ఊడి ఎగిరిపోకుండా దానిపై పల్చని టేపు చుట్టారు. రెక్కలు రెండింటినీ ఊడదీసి, ఒకే మేకుకు ఎదురెదురుగా బిగించి, ఆ మేకును గ్లాసుల అంచుల మీద ఆనించారు. బొట్టున్న వైపు కిందికి వాలింది. ఖాళీ రెక్కకు టేపు అతికించి, అది బరువెక్కువైతే కత్తెరతో గింజంత కత్తిరించి, మళ్లీ ఆనించి చూశారు. బృందం గుమ్మంలోకి వచ్చి నిలబడినా ఆమె తల ఎత్తలేదు, చెయ్యి తొందరపడలేదు. చివరికి రెక్కలు రెండూ సమంగా నిలిచాయి. వాటిని యథాస్థానంలో బిగించి, మీటలను పుస్తకంలోని గీతలకు తెచ్చి, పంకాలన్నీ ఆపించారు.

హెలికాప్టర్ లేచింది. ఛాతీ ఎత్తుకు చేరి ఆగింది. నీలవేణి గారు మీటల మీది నుంచి వేళ్లు ఎత్తేశారు. పది లెక్కపెట్టేంతసేపు అది అక్కడే, అలాగే ఉంది. ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య తిరిగిన మేము ఊపిరి బిగబట్టి చూశాం.

“దీన్ని ఇంత నిలకడకు తెచ్చినవారెవరు?” అని బృంద అధ్యక్షురాలు అడిగారు.

“నేనూ, ఎల్లాజీ గారూనండి,” అన్నారు నీలవేణి గారు.

గది మాకే మిగిలింది. నేడు అందులో హెలికాప్టర్ ఎగరేసి చూపుతున్నది ఎల్లాజీయే. ఆ విద్య నేర్పినవారు ఎవరో వేరే చెప్పనవసరం లేదు.

ఈ నెలాఖరున విశ్రాంత జీవితంలోకి ప్రవేశిస్తున్న నీలవేణి గారు, భర్త మురళీమోహన్ గారితో, కుమార్తె రేఖతో, చూపు తగ్గక, చెయ్యి వణకక, నిండు నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని మా సిబ్బంది యావన్మంది ఆకాంక్ష. ఈ వీడ్కోలు సంచికలో తన మాట కూడా వెయ్యమని ఎల్లాజీ అడిగాడు. ఏం రాయమంటావని అడిగాను.

“ఆ రోజు నన్ను సిన్నబోనివ్వనేదు. ఆయమ్మ సల్లగుండాల. అంతే రాయండి.”