స్కానర్ చూడని ఫోల్డర్

రక్తపరీక్షల ల్యాబ్‌లో సర్వర్ గది. ల్యాబ్ మేనేజరు, ఆయన అన్న కూతురు. అక్కడి కంప్యూటర్లు చూసుకునేది ఆమే.

"పెట్టను బాబాయ్. సంతకం పెట్టను."

"ఆఫీసులో బాబాయ్ అనకు. సర్వర్‌లో వైరస్ లేదని స్కానర్ ప్రోగ్రామే చెప్పిందిగా?"

"చూసిన ఫైళ్లలో లేదంది. ఆ కింది లైను చదవండి. నాలుగు వందల ఫైళ్లు తెరవలేకపోయిందట. పర్మిషన్ లేదట."

"తెరవకపోతే ఏం? మిగతావన్నీ బాగానే..."

"తాళం వేసిన గది బయట నిలబడి, లోపల పాము లేదని రాసివ్వనా?"

"మధ్యాహ్నం ఆసుపత్రివాళ్లు మన సర్వర్‌కి వాళ్ల కంప్యూటర్లు కలుపుతారు. వైరస్ లేదని నీ సంతకమున్న కాగితం లేందే కలపరు. రాసెయ్ తల్లీ."

"కలిపాక మన జబ్బు వాళ్లకంటుకుంటే? అక్కడ ఆపరేషన్లు జరుగుతాయి బాబాయ్!"

"అయితే అన్ని ఫైళ్లకీ అందరికీ పర్మిషన్ ఇచ్చెయ్. పీడా పోతుంది."

"ఎవరికి ఏ రోగముందో లోకమంతా చదువుకోవాలా? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? స్కానర్ ఒక్కదానికే ఇస్తాను. చదవడానికి మాత్రమే. అయిదు నిమిషాల పని."

"వద్దు."

"ఎందుకు?"

"వద్దన్నానుగా."

"అవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. మీ ఫోల్డర్‌లో. సోమవారం దాకా స్కానర్ దాన్ని చక్కగా చదివేది."

"నా సొంత కాగితాలు. నా ఇష్టం."

"స్కానర్ మీ కాగితాలు చదివి పిన్నికి చెప్పదు."

"నోరు! నీకీ ఉద్యోగం ఎవరు ఇప్పించారు?"

"మీరే. అబద్ధాలు రాయాలని ఆరోజే చెప్పుంటే చేరేదాన్నే కాదు. తీసేస్తారా? తీసేయండి. సంతకం మాత్రం పెట్టను."

"ఎవరి పోలికే ఈ మొండితనం?"

"మీ పోలికేనంటాడు మా నాన్న."

"ఆ కుర్చీ ఇటు జరుపు."

"ఏంటలా చెమటలు? ఏసీ గదిలో?"

"ఆ ఫోనిటివ్వు."

"ఎవరికి? నామీద పైవాళ్లకి చెప్తారా? చెప్పుకోండి. నేనూ చెప్తా."

"ఇవ్వవే ముందు... హలో, ఆసుపత్రేనా? ల్యాబ్ మేనేజర్ని. మీ కంప్యూటర్లు మాకు కలపకండి. ఆ... మా సర్వర్‌కి వైరస్ పట్టింది. లేదండీ, మా అమ్మాయి తప్పేం లేదు. సోమవారం ఏదో మెయిలొస్తే అందులో లింకు నొక్కింది నేను. ఫైళ్లు పాడైపోతుంటే, ఎవరికీ కనబడకుండా ఆ ఫోల్డర్‌కి తాళం వేసిందీ నేనే."