అన్నయ్య రిపోర్టు

బస్సు డ్రైవరుకి డిపోవాళ్లు చేయించమన్న రక్తపరీక్ష రిపోర్టు కోసం అతని తమ్ముడు ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చాడు. రక్తం తీసే ఆవిడ కాగితం చూసి కళ్లజోడు సవరించుకుంది.

"సీఆర్‌పీ పదకొండు ఉంది. మూడులోపు ఉండాలి. రక్తం తీసిన రోజు బీపీ కూడా నూట అరవై."

"సీఆర్‌పీ అంటే?"

"ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే రక్తంలో పెరుగుతుంది. అది ఎక్కువున్న చాలామందికి బీపీ కూడా ఎక్కువే ఉంటుంది. ఎందుకన్నది డాక్టరుగారు చూడాలి. అప్పటిదాకా మీ అన్నయ్యగారికి బస్సు ఇవ్వరు."

"అలా ఎలా వస్తుందండీ? అందుకేగా..."

"అందుకేగా ఏమిటి?"

"ఏం లేదు. ఇలా ఇవ్వండి."

మోచేతి పైదాకా చొక్కా మడిచిన చెయ్యి కిటికీలోంచి చాచాడు. ఆవిడకి ముఖాలు గుర్తుండవు, నరాలు గుర్తుంటాయి. మోచేతి మడతలో పక్కకు తప్పుకునే ఆ వంకర నరం కోసం మొన్న రెండుసార్లు సూది గుచ్చాల్సి వచ్చింది.

"ఆ రోజు వచ్చింది మీరేనా?"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నయ్యకి బీపీ ఉందండీ. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. నాకు తుమ్ము కూడా రాదు కదా అని నేనొచ్చాను."

ఆవిడ కాగితాన్ని సొరుగులో పెట్టేసింది.

"ఆయన్ని రేపు రమ్మనండి. మీరు లోపలికి రండి."

"నేనెందుకండీ?"

"ఇది మీ రక్తమేగా. కూర్చోండి, మళ్లీ తీస్తాను. ఈసారి మీ పేరు చెప్పండి."